అబద్ధం ఆడిన పాలడిన్: ఒక నెల్లూరు టేబుల్ కేస్ స్టడీ

ఆటగాళ్ల పేర్లు, చదువులు, ఉద్యోగాలు ఇందులో ఉండవు. వాళ్ల కథలోని ఊళ్ల పేర్లు కూడా తీసేశాను. రూల్స్, అంకెలు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారన్నది మాత్రం జరిగినట్టే రాశాను.

నేపథ్యం

నెల్లూరులో వారానికొకసారి కూర్చునే టేబుల్, అంటే ఆట బృందం, ఇది. ఒక డీఎం (కథ నడిపి తీర్పులు చెప్పే డంజన్ మాస్టర్), ఐదుగురు ఆటగాళ్లు. ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. పుస్తకాలు ఎవరి దగ్గరా పూర్తిగా లేవు. 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా వదిలిన మూల రూల్స్ పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ను ఫోన్లలో పెట్టుకున్నారు. అందులో పాలడిన్‌కి (ప్రమాణం పట్టి పోరాడే పవిత్ర యోధుడికి) ఒకే ఒక్క ప్రమాణం ఉంటుంది: ఓత్ ఆఫ్ డివోషన్. మన పాలడిన్ ఆటగాడు తీసుకున్నదీ అదే. ఆరో లెవెల్, కరిస్మా (ఆకర్షణ శక్తి) 16, చైన్ మెయిల్ (గొలుసు కవచం), డాలు. మిగతావాళ్లు రోగ్ (దొంగ తరహా), క్లెరిక్ (పూజారి), రేంజర్ (అడవి వేటగాడు), బార్డ్ (గాయకుడు). విజర్డ్ (మంత్రగాడు) లేడు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

డీఎం కట్టిన లోకం మన ప్రాంతం పోలికలతోనే ఉంది. పెన్న లాంటి ఏరు, ఉదయగిరి లాంటి కొండకోట, తూర్పున ఉప్పు కయ్యలు. తగాదా మేత భూముల మీద పుల్లరి (మేత పన్ను) గురించి. కాటమరాజు కథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు: మందలు తోలుకొచ్చినవాళ్లు పుల్లరి కట్టం అంటారు, కోట దొర కట్టాల్సిందే అంటాడు. పాలడిన్‌ని పెట్టి ఆడటానికి ఇంతకంటే మంచి తగాదా దొరకదు, ఎందుకంటే రెండు పక్కలా కొంత న్యాయం ఉంది.

క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలైన రోజు డీఎం చెప్పిన నియమం ఒక్క ముక్క: "పాలడిన్ అంటే లాఫుల్ గుడ్. తప్పు చేస్తే పవర్స్ పోతాయి." లాఫుల్ గుడ్ అంటే నియమం తప్పని మంచివాడు. అందరూ తలూపారు. తప్పంటే ఏంటని ఎవరూ అడగలేదు.

వచ్చిన సమస్య

ఒకే సెషన్‌లో రెండు జరిగాయి. మొదటిది: పార్టీ (ఆటగాళ్ల పాత్రల గుంపు) ఒక కోట సైనికుణ్ని పట్టుకుంది. పాలడిన్ కిందికి దిగి మందలవాళ్లను చూసొచ్చేలోపు రోగ్ ఆ సైనికుడి గొంతు కోసింది. రెండోది: పదకొండు మంది మందలవాళ్లను, అందులో పిల్లలు కూడా, ఉప్పు నిలవచేసే కొట్టంలో దాచారు. కోట దళనాయకుడు గుమ్మంలో నిలబడి పాలడిన్‌నే అడిగాడు, లోపల ఎవరన్నా ఉన్నారా అని. "ఎవరూ లేరు" అన్నాడు పాలడిన్.

డీఎం వెంటనే తీర్పు చెప్పేశాడు. అబద్ధం ఆడావు, పైగా నీ పార్టీలో బందీ చచ్చాడు, పవర్స్ పోయాయి.

"ఏందన్నా ఇది? ఉన్నారంటే అందర్నీ నరికేవాళ్లు గదా!"

"అది నువ్వు చూసుకోవాల. పాలడిన్ అబద్ధం ఆడడు."

మిగిలిన సెషనంతా వాదనతోనే పోయింది. తర్వాతి వారాల్లో పాలడిన్ ఆటగాడు ఆలస్యంగా రావడం, రోగ్ ఆటగత్తె ప్రతి బందీ దగ్గరా "ఈసారి ఎవరి పవర్స్ పోతాయో" అని దెప్పడం మొదలైంది. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల ప్రశ్న "ఎవరిది తప్పు?" అన్నట్టుగా ఉంది. ఆ ప్రశ్న పక్కనపెట్టి ముందు తేల్చాల్సింది వేరే: డీఎం ఇచ్చిన తీర్పు ఏ రూల్ నుంచి వచ్చింది?

తీర్పు వేళ్లు ఎక్కడున్నాయి

అతను ఆడుతున్న ఎడిషన్‌లో లేవు. ఇది తేలడంతోనే సగం వేడి తగ్గింది.

పాలడిన్ ఈ ఆటలోకి వచ్చింది 1975లో, గ్రేహాక్ అనే సప్లిమెంట్‌తో. కనీసం కరిస్మా 17 ఉండాలి, లా పక్షం వాడై ఉండాలి. మూడు ఆరు ముఖాల డైస్ వేస్తే 17గానీ 18గానీ పడటం 216లో 4 సార్లు, అంటే నూటికి రెండు కూడా కాదు. అప్పటికి మంచి చెడ్డల గీతే రూల్స్‌లో లేదు. లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం) అని మూడే పక్షాలు. గుడ్, ఈవిల్ అన్న రెండో గీతను గ్యారీ గైగాక్స్ 1976లో చేర్చాడు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కి వచ్చేసరికి తొమ్మిది అలైన్‌మెంట్లు (పాత్ర నైతిక పక్షాలు) స్థిరపడ్డాయి, పాలడిన్ లాఫుల్ గుడ్ మనిషే అయ్యుండాలన్నది కూడా. తెలిసి కేయాటిక్ పని చేస్తే ఏడో లెవెల్ లేదా ఆపై ఉన్న లాఫుల్ గుడ్ క్లెరిక్ దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి ఈవిల్ పని చేస్తే పాలడిన్ హోదా శాశ్వతంగా పోతుంది. పది మ్యాజిక్ వస్తువులకు మించి ఉంచుకోకూడదు, రాబడిలో పదో వంతు ఇచ్చేయాలి.

ఇవన్నీ ఎందుకు పెట్టారో చూడాలి. ఆ రోజుల్లో పాలడిన్ మామూలు ఫైటర్ కంటే బాగా బలమైనవాడు. అరుదుగా దొరకడం, గట్టి నియమావళి, ఈ రెండూ ఆ బలానికి కట్టిన ధర. 2000, 2003ల్లో వచ్చిన మూడో ఎడిషన్, 3.5ల్లో కూడా ఆ ధర ఉంది: తెలిసి ఒక్క ఈవిల్ పని చేస్తే క్లాస్ (పాత్ర రకం) శక్తులన్నీ పోతాయి, అబద్ధం, మోసం, విషం కూడదు, ఈవిల్ వాళ్లతో తెలిసి కలిసి తిరగకూడదు. తిరిగి రావాలంటే అటోన్‌మెంట్ (ప్రాయశ్చిత్తం) స్పెల్ వేయించుకోవాలి. 2008లో నాలుగో ఎడిషన్ శక్తులు లాక్కోవడమన్నదాన్ని తీసేసింది. 2014లో అలైన్‌మెంట్ షరతు పోయి ప్రమాణాలు వచ్చాయి. ఏ అలైన్‌మెంట్ వాడైనా పాలడిన్ కావచ్చు. మాట తప్పితే పుస్తకం చెప్పేది రాత్రంతా ప్రార్థనలో జాగారం, లేదా ఉపవాసం, ఆ తర్వాత ఒప్పుకోలు, క్షమాపణ. కావాలని తప్పి పశ్చాత్తాపమే లేకపోతేనే డీఎం విచక్షణతో క్లాస్ మార్పించడం దాకా వెళ్లేది.

ఐదో ఎడిషన్ పాలడిన్‌ని మిగతా క్లాసులతో తూచి కట్టారు. పాత శిక్ష అందులో ధరగా లేదు. పాత శిక్షను తెచ్చి కొత్త క్లాస్ మీద వేస్తే ఒక భూమికి రెండుసార్లు పన్ను కట్టించుకున్నట్టే. డీఎంకి ఈ మాట బాగా ఎక్కింది. అతని కథంతా పుల్లరి మీదే కదా.

చేసి చూసినవి, చెడినవి

నా దగ్గరికి రాకముందే వాళ్లు నాలుగు దారులు తొక్కారు. నాలుగూ చెడటానికి కారణాలు వేరువేరు, అందుకే ఒక్కోదాన్నీ చూడాలి.

మొదటిది పవర్స్ తీసేయడం. ఆరో లెవెల్ పాలడిన్‌కి స్పెల్స్‌కి ఖర్చు పెట్టే ఒకటో లెవెల్ స్లాట్లు నాలుగు, రెండో లెవెల్‌వి రెండు. స్మైట్ (దైవశక్తితో అదనపు దెబ్బ) వేస్తే ఒకటో స్లాట్‌కి ఎనిమిది ముఖాల డైస్ రెండు, రెండోదానికి మూడు అదనంగా పడతాయి. చేత్తో తాకి నయం చేసే లే ఆన్ హ్యాండ్స్‌లో 30 పాయింట్ల వైద్యం. ఆ పైన ఆరో లెవెల్‌లో వచ్చే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్: పది అడుగుల్లో ఉన్న ప్రతి మిత్రుడికీ సేవింగ్ త్రోలకు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే డైస్‌కు) పాలడిన్ కరిస్మా బోనస్ కలుస్తుంది, ఇక్కడ 3. ఇరవై ముఖాల డైస్ మీద 3 అంటే నూటికి పదిహేను. ఇవన్నీ ఒక్క మాటతో తీసేసరికి శిక్ష పడింది పాలడిన్ ఒక్కడికే కాదు. క్లెరిక్ స్లాట్లన్నీ వైద్యానికే అయిపోయాయి, సేవ్‌లు తప్పి బార్డ్ రెండుసార్లు పడిపోయాడు. తప్పు ఒకరిది, దెబ్బ ఐదుగురికీ.

రెండోది, విసుగొచ్చి అలైన్‌మెంట్, ప్రమాణం అన్నీ వదిలేయడం. గొడవ ఆగింది, ఆట చప్పబడింది. ఆ ఆటగాడు పాలడిన్‌ని ఎంచుకున్నదే మాట మీద నిలబడే మనిషిని ఆడాలని. మాట తీసేస్తే మిగిలింది మెరిసే కత్తి పట్టిన ఫైటర్. వాడే అడిగాడు, "మరి నేను ఫైటర్‌నే తీసుకునేవాణ్ని గదన్నా" అని.

మూడోది ధర్మం పాయింట్లు. సున్నా నుంచి పది దాకా గీత, ఐదు దగ్గర మొదలు, మంచికి ఒకటి పైకి, చెడుకు ఒకటి కిందికి. ఇది చెడిన తీరు చూడ్డానికి సరదాగా ఉంటుంది. సెషన్ మొదట్లో పాలడిన్ దారిన పోయే ప్రతి బిచ్చగాడికీ వెండి నాణెం వేసి తొమ్మిదికి చేరేవాడు, ఆ నిలవ చూసుకుని సెషన్ చివర్లో మూడు పాయింట్ల పని ధైర్యంగా చేసేవాడు. గీత పెట్టగానే ఏ ఆటగాడైనా గీతనే ఆడతాడు. ఇది వాడి దుర్బుద్ధి కాదు, ఆ పద్ధతి స్వభావమే అంత.

నాలుగోది అసలు నష్టం చేసింది. "సరే, నీ కోడ్ నువ్వే రాసుకో" అన్నాడు డీఎం. ఆటగాడు పద్నాలుగు నియమాలు రాసుకొచ్చాడు. అందులో నాలుగోది: యుద్ధంలో వెన్ను చూపను. ఎక్కణ్నుంచి వచ్చిందో అడగాల్సిన పనే లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద పెట్టి స్నానానికి నీళ్లు తోడిన కథ నెల్లూరు పిల్లలు బళ్లోనే వింటారు. కథగా అది గొప్పది. ఐదుగురు కలిసి ఆడే ఆటలో ఒకరి కోడ్‌గా మాత్రం మిగతా నలుగురి ప్రాణం మీదికి తెస్తుంది. తెచ్చింది కూడా. ఏటి మలుపులో రెండు ట్రోల్‌లు (రాక్షసులు) ఎదురయ్యాయి. పోరాటం ఎంత కష్టమో కొలిచే లెక్క ప్రకారం ఒక్కోటి 1,800 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), రెండు కలిపి ఒకటిన్నర రెట్లు చేస్తే 5,400. ఆరో లెవెల్ వాళ్లు ఐదుగురికి హార్డ్ హద్దు 4,500, డెడ్లీ హద్దు 7,000. అంటే కష్టమే గానీ చావు పోరాటం కాదు. కానీ పార్టీ అప్పటికే సగం స్లాట్లు వాడేసింది. ట్రోల్‌కి 84 హిట్ పాయింట్లు (ప్రాణశక్తి), ప్రతి టర్న్‌కీ పది తిరిగొస్తాయి, నిప్పుగానీ యాసిడ్‌గానీ తగిలితేనే దాని తర్వాతి టర్న్‌కి ఆగుతాయి. విజర్డ్ లేడు. వెలుగుతున్న టార్చ్‌తో కొట్టినా ఒక పాయింట్ నిప్పు దెబ్బ పడి ఆగేది, ఎవరికీ తట్టలేదు. రెండో రౌండ్‌లో రేంజర్ వెనక్కి తగ్గుదామన్నాడు. నాలుగో నియమం అడ్డొచ్చింది. రేంజర్, బార్డ్ చనిపోయారు.

నిజానికి డివోషన్ ప్రమాణంలోని ధైర్యం మాటలోనే జాగ్రత్త కూడా తెలివైనదేనని ఉంది. ఫోన్లో ఉన్నదాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

బందీల విషయంలో అసలు మూలం

ఈ నాలుగు దారులూ చూశాక కూడా బందీ హత్య నాకు అర్థం కాలేదు. రోగ్ ఆటగత్తె కఠినంగా ఆడే మనిషి కాదు. పాత సెషన్ల నోట్స్ తిరగేస్తే దొరికింది. అంతకుముందు పార్టీ వదిలేసిన ప్రతి బందీ, ఒక్కడు కూడా మిగలకుండా, పదిమందిని వెంటేసుకుని తిరిగొచ్చాడు. డీఎంకి అది కథకు ఊపు. ఆటగాళ్లకు అది పాఠం: జాలి చూపితే రాత్రికి దాడి. అట్టా నేర్పింది తనే, చివరకు పాలడిన్‌ని శిక్షించిందీ తనే.

దీనికి మందు కోడ్‌లో లేదు, డీఎం చేతిలో ఉంది. వదిలేసిన బందీకి ఆరు ముఖాల డైస్ ఒకటి, అందరి ముందూ వేయాలి. ఒకటి పడితే ద్రోహం చేస్తాడు, రెండు నుంచి ఐదు పడితే తన దారిన పోతాడు, ఆరు పడితే ఎప్పుడో ఒకప్పుడు మేలు చేస్తాడు. ఇంకోటి, ఎదుటివాడి హిట్ పాయింట్లను సున్నాకి తెచ్చిన దెబ్బ చేతికందే ఆయుధంతో కొట్టినదైతే చంపకుండా స్పృహ తప్పించవచ్చని రూల్స్‌లోనే ఉంది. విల్లుతో కొడితే కుదరదు. రేంజర్‌కి ఈ తేడా చెప్పాక చివరి దెబ్బ రోగ్‌కో పాలడిన్‌కో వదలడం అలవాటైంది. బందీ దొరకగానే మూడు ప్రశ్నలు: ఎవరు కడతారు, ఎవరు కాపలా, ఎక్కడ అప్పగిస్తాం. జవాబులు వచ్చేదాకా ఆట ముందుకు కదలదు.

పనిచేసింది

ఒక సెషన్ మొత్తం ఆట లేకుండా కూర్చోబెట్టాను. మొదట మూడు విషయాలు విడదీశాం. అలైన్‌మెంట్ అంటే ఆ పాత్ర ఇప్పటిదాకా ఎట్లా నడుచుకుందో చెప్పే వర్ణన. దానికి శిక్ష ఉండదు, నడత మారితే షీట్‌లో రెండక్షరాలు మారతాయి, అంతే. ప్రమాణం అంటే ఆ పాత్ర తన నోటితో ఒప్పుకున్న మాట. ధర దానికే ఉంటుంది. టేబుల్ మర్యాద అంటే మనుషుల మధ్యది. పాలడిన్ కోడ్ పాలడిన్‌ని కడుతుంది, రోగ్‌ని కట్టదు. రోగ్ చేసింది నచ్చకపోతే అది ఇద్దరు ఆటగాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతి, డీఎం తీర్పు చెప్పాల్సింది కాదు.

తర్వాత పద్నాలుగు నియమాలు తీసుకుని ఒక్కోదానికీ ఒకే పరీక్ష పెట్టాం: ఒక సన్నివేశం చెప్తే, తప్పాడా లేదా అన్నది పది సెకన్లలో ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకేలా చెప్పగలరా? "గౌరవంగా నడుచుకుంటాను" నిలబడలేదు. "చెడును శిక్షిస్తాను" నిలబడలేదు, పైగా ప్రమాదకరం. పాత ఎడిషన్లలోని డిటెక్ట్ ఈవిల్ అలవాటుతో ఈ టేబుల్‌లో పాలడిన్ సుంకం అధికారి మీద డివైన్ సెన్స్ వాడి "వీడు ఈవిల్" అనిపించుకుని చంపబోయిన సందర్భం కూడా ఉంది. 2014 రూల్స్‌లో డివైన్ సెన్స్ అరవై అడుగుల్లో ఉన్న దేవతాజాతి, ఫీండ్ (నరకజాతి), అన్‌డెడ్ (చచ్చి లేచిన) జీవుల్నే చూపిస్తుంది. సుంకం అధికారి ఎంత దుర్మార్గుడైనా మనిషే, అందులో కనబడడు. దీన్ని పుస్తకంలో ఉన్నట్టు ఆడటం మొదలెట్టగానే "కనబడ్డాడు కాబట్టి చంపాను" అన్న దారి మూసుకుపోయింది.

చివరికి ఐదు మాటలు మిగిలాయి. చిన్న కార్డు మీద ఆటగాడే రాసుకున్నాడు:

1. దిక్కులేనివాళ్లు నా వెనక ఉండగా నేను ముందు వెళ్లిపోను.
2. లొంగినవాణ్ని చంపను, నా కళ్లెదుట చంపనివ్వను.
3. ఇచ్చిన మాట తప్పను.
4. అబద్ధం ఆడను, మోసంతో గెలవను.
5. నేను ఒప్పుకున్న పెద్దల ఆజ్ఞ దాటను.

మొదటి మాటలో ఖడ్గ తిక్కన ఇంకా ఉన్నాడు. వెనక్కి తగ్గొచ్చు, కాకపోతే చివర్న తగ్గాలి. ట్రోల్ పోరాటంలో ఇదే ఉండుంటే రేంజర్, బార్డ్ ముందు బయటపడేవాళ్లు.

వరుసే ఈ కార్డుకు ప్రాణం. పై మాటకూ కింది మాటకూ పొత్తు కుదరకపోతే పైదే గెలుస్తుంది. ఈ ఆలోచన 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) రెండో ఎడిషన్ నుంచి తీసుకున్నది. అందులో ఛాంపియన్ (అక్కడి పాలడిన్ లాంటి క్లాస్) నియమాలు ప్రాధాన్యం వరుసలోనే ఉంటాయి, అమాయకుల ప్రాణం అబద్ధం ఆడకూడదన్న నియమం కంటే పైన ఉంటుంది. డివోషన్ ప్రమాణంలో ఐదు గుణాలు ఉన్నాయి గానీ వరుస లేదు. కొట్టం గుమ్మంలో తగాదా పుట్టింది సరిగ్గా ఆ ఖాళీలోంచే.

రెండో మాట మూడోదాని కంటే పైన ఎందుకన్నది కాసేపు నడిచింది. ఆటగాడికి మాట నిలబెట్టుకోవడమే పైన ఉండాలని. రోగ్ ఆటగత్తె ఒక్క ప్రశ్న వేసింది: బందీని చంపుతానని వాడి పగవాడికి మాటిచ్చి ఉంటే? అక్కడ తేలిపోయింది. ఐదో మాట అడుగున ఉండటానికి కారణం డివోషన్ ప్రమాణంలోనే ఉంది: విధేయత న్యాయంగా తన మీద అధికారం ఉన్నవాళ్లకే. కోట దొరకు పాలడిన్ ఎప్పుడూ విధేయత చెప్పలేదు. కాబట్టి పుల్లరి చట్టం అతనికి గౌరవించదగిన విషయమే గానీ ప్రమాణం కాదు.

వరుస మీద డీఎంకి ఒక అనుమానం మిగిలింది. పై మాట కోసం కింది మాట తప్పడం ఉచితమైతే ప్రతి అబద్ధానికీ ఒక అనాథ దొరుకుతాడు కదా? అనుమానం సరైనదే. దీనికి జవాబు కూడా రోగ్ ఆటగత్తె నుంచే వచ్చింది, కర్ణపర్వం నుంచి. ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టిన కౌశికుడు, అడవిలో దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు చెప్పి, వాళ్ల చావుకు కారణమై నరకానికి పోయిన కథ ఉంది అందులో. ఆ కథ కృష్ణుడు అర్జునుడికి చెప్పేది ఇంకో ప్రతిజ్ఞ సందర్భంలో: గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్ అన్నవాణ్ని చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ, ఆ మాట అన్నది ధర్మరాజు. కృష్ణుడు ప్రతిజ్ఞను రద్దు చేయడు, బదులు చూపిస్తాడు. పెద్దవాణ్ని నోటితో అవమానిస్తే చంపినంత పని, ఆ పని చెయ్ అంటాడు. (ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఈ నెల్లూరు మనుమసిద్ధి కొలువులోనివాడే. ఆ రోజు టేబుల్ మీద దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు, పనికి సంబంధం లేకపోయినా.)

దాన్నుంచి బాకీ అన్న పద్ధతి వచ్చింది. పై మాట కోసం కింది మాట తప్పితే శక్తులేవీ పోవు. కార్డు వెనక బాకీ రాసుకోవాలి. ప్రమాదం దాటాక, రెండు సెషన్లలోపు, ఎవరికి అబద్ధం చెప్పాడో వాళ్ల ముందు నిలబడి తీర్చాలి. తీర్చకపోతే అది మామూలు తప్పుగా మారుతుంది.

మామూలు తప్పు, అంటే పై మాట ఏదీ అడ్డు లేకుండా వీలుకోసం మూడు, నాలుగు, ఐదుల్లో ఒకటి తప్పడం: లే ఆన్ హ్యాండ్స్ 30 నుంచి 15కి తగ్గుతుంది, తప్పును సరిదిద్దే పని చేసేదాకా. ఒకటి, రెండు మాటల్లో ఏదైనా తెలిసి తప్పితే దానితోపాటు చానెల్ డివినిటీ (ప్రమాణం ఇచ్చే దైవశక్తి) కూడా ఆగుతుంది, పుస్తకంలో చెప్పిన జాగారం, ఒప్పుకోలు అయ్యేదాకా. ఆరా, స్లాట్లు, స్మైట్ ఎప్పుడూ తీయరు. ఆరా పోతే నష్టపోయేది పక్కవాళ్లు. ధర మోయాల్సింది మాట తప్పినవాడే.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ముందు హెచ్చరిక. పాత్ర చేసే ముందు డీఎం ఒకే వాక్యం చెప్పాలి: "ఇది నీ నాలుగో మాటకు అడ్డం, ధర పదిహేను పాయింట్లు, చేస్తావా?" ఆటగాడికి పది సెకన్లు, మిగతావాళ్లు నోరెత్తకూడదు. డీఎం హెచ్చరించడం మరిచిపోతే ధర లేదు. కారణం మామూలుదే: ఏళ్ల తరబడి ఆ ప్రమాణంలో బతికిన పాత్రకు తన కోడ్ కంఠతా వచ్చి ఉంటుంది, వారానికోసారి వచ్చి కూర్చునే ఆటగాడికి రాదు. హెచ్చరిక ఆ తేడాను పూడుస్తుంది.

మొదట్లో ఇది కూడా తేడా కొట్టింది. డీఎం గొంతులో "చేస్తావా?" అన్నది "చెయ్యొద్దు" అన్నట్టు వినబడేది. సంఖ్య, ధర, ప్రశ్న, ఈ మూడు తప్ప ఇంకే మాటా కలపొద్దని తేల్చాక సర్దుకుంది. తర్వాత ఇంకో అతి: సంతలో బేరం ఆడుతుంటే, పోరాటంలో ఎడమకు చూపించి కుడికి కొడితే కూడా హెచ్చరికలు. బేరం, యుద్ధపు ఎత్తు నాలుగో మాట కిందికి రావని కార్డు అంచున రాసుకున్నారు.

ఉప్పు కొట్టం బాకీ తీరిన తీరు చెప్పాలి. పాలడిన్ ఒంటరిగా కోట గుమ్మం దగ్గరికి వెళ్లి దళనాయకుణ్ని పిలిపించాడు. "ఆ రోజు కొట్టంలో మనుషులున్నారు. లేరని చెప్పాను." డీఎం ఇక్కడ పర్సుయేషన్ (ఒప్పించే) రోల్ అడగలేదు. నిజం చెప్పడానికి డైస్ ఎందుకన్నాడు, బాగా అన్నాడు. దళనాయకుడి జవాబు: "తెలుసు. ఉప్పు మీద పిల్లల అడుగులు చూశాను." అతను కూడా ఆ రోజు తన పైవాడికి అబద్ధమే చెప్పాడన్నమాట. పుల్లరి తగాదా విచారణకు వచ్చేదాకా పూచీగా డాలు ఇక్కడ పెట్టి వెళ్లమన్నాడు. ఏసీ (కవచ రక్షణ అంకె) 18 నుంచి 16కి దిగింది. పాలడిన్ ఆటగాడు తర్వాతి మూడు పోరాటాలూ డాలు లేకుండానే ఆడాడు, ఇంకోటి కొనుక్కోవచ్చని ఎవరు చెప్పినా వినలేదు. పవర్స్ మొత్తం తీసేసినప్పుడు ఆలస్యంగా వచ్చిన మనిషి, రెండు ఏసీ తనకు తానే వదులుకుని అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు.

వేరే టేబుల్‌కి తీసుకెళ్లేటప్పుడు

కార్డును ఉన్నదున్నట్టు ఎత్తుకుపోవద్దు. ఈ ఐదు మాటలు, ఈ వరుస ఆ ఆటగాడివి. ప్రతీకారం ఆడాలనుకునేవాడికి ఓత్ ఆఫ్ వెంజియన్స్ ఉంది, అక్కడ రెండో మాట అసలే ఉండకపోవచ్చు. మార్చకూడనివి పరీక్ష, వరుస, హెచ్చరిక.

డీఎం వైపు ఒక కట్టు కూడా అవసరం. పాలడిన్ ఎటు పోయినా మాట తప్పేలా సన్నివేశం కట్టకూడదు. ఖరీదైనదైనా సరే, కోడ్ లోపల ఒక దారి కనబడాలి. కొట్టం గుమ్మంలో కూడా "జవాబు చెప్పను, లోపలికి రావాలంటే నన్ను దాటి రా" అన్న దారి ఉంది. ఆ రోజు ఎవరికీ ఆలోచించే వ్యవధి దొరకలేదు. హెచ్చరిక ఉంటే ఆ పది సెకన్లు దొరికేవి.

3.5 ఆడే టేబుల్ అయితే లెక్క మారుతుంది. అక్కడ శక్తులు పోవడం రూల్‌లోనే ఉంది, ఈ ధరల పట్టిక దానికి పొసగదు. వరుస, హెచ్చరిక మాత్రం అక్కడా నడుస్తాయి, ఎందుకంటే ఆ ఎడిషన్‌లో ఈవిల్ పని తెలిసి చేసినదై ఉండాలి. హెచ్చరించాక చేస్తే తెలిసి చేశాడా లేదా అన్న వాదనే ఉండదు. 2023 చివర్లో వచ్చిన పాత్‌ఫైండర్ రీమాస్టర్ అలైన్‌మెంట్‌నే తీసేసింది కాబట్టి అక్కడ ఆ మూడు విషయాల్లో మొదటిది విడదీసే పనే ఉండదు.

ఈ టేబుల్‌లో ఇంకా తేలనిది ఒకటుంది. రెండో మాటలో "నా కళ్లెదుట చంపనివ్వను" అన్నది రోగ్ చెయ్యి పట్టుకునే దాకా వెళ్తుందా? ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్ర మీద గ్రాపుల్ (పట్టుకుని ఆపే) రోల్ వేయడం చాలా టేబుళ్లలో గొడవకే దారి. ఇప్పటికి వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు: పాలడిన్ మాటతో అడ్డుకుంటే చాలు, కోడ్ తీరినట్టే. రోగ్ వినకపోతే బాకీ రోగ్ కార్డు మీద రాస్తారు. రోగ్‌కి కార్డు లేదు కాబట్టి ఇప్పుడు ఆమె కూడా ఒకటి రాసుకుంటానంటోంది. రాసుకోమన్నాను, ధర మాత్రం పెట్టొద్దన్నాను: రోగ్ శక్తులు ఏ ప్రమాణం నుంచీ రావు, తీయడానికి అక్కడ ఏమీ లేదు.